పది ఎంవోయూలు వద్దు, రెండు చాలు

గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పే మేడం అడిగిన ప్రశ్న ఇది: "ఈ ఏడాది ఎన్‌ఎస్‌ఎస్‌తో పాటు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు బాధ్యత కూడా నాకే ఇచ్చారు. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వచ్చేలోపు స్వచ్ఛంద సంస్థలతో పది ఎంవోయూలు, అంటే ఒప్పంద పత్రాలు, చేసుకోమని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. పోయినేడు మా పిల్లలు వెళ్లిన వృద్ధాశ్రమం వాళ్లు ఈసారి వద్దన్నారు. సంస్థలకు నిజంగా పనికొచ్చేలా, పిల్లలకూ ఏదైనా వంటబట్టేలా దీన్ని ఎలా నడపాలి?"

ఆ వృద్ధాశ్రమం వాళ్లు ఎందుకు వద్దన్నారో ముందు కనుక్కోండి. ఫోన్లో అడిగితే "ఈసారి మాకు కుదరదండీ" అని మర్యాదగా తప్పుకుంటారు. ఏదో ఒక మామూలు రోజున పదకొండు గంటలప్పుడు, అక్కడ స్నానాలూ టిఫిన్లూ అయ్యాక, మీరొక్కరే వెళ్లి కూర్చోండి. చాలావరకు మీరు వినబోయేది ఇలా ఉంటుంది: యాభై మంది పిల్లలు ఒకేసారి దిగారు. వాళ్లకు కుర్చీలు వేయడానికి, మంచినీళ్లు ఇవ్వడానికి ఉన్న ఇద్దరు ఆయాలూ సరిపోయారు. మంచం దిగలేని పెద్దవాళ్లను ఆ పూట పక్కకు తిప్పి పడుకోబెట్టే మనిషి లేకపోయింది. పిల్లలు పండ్లు పంచారు, పాటలు పాడారు, ఫొటోలు దిగారు. లాగ్ బుక్కుల్లో సంతకాలు పెట్టడానికే మేనేజరుకు మధ్యాహ్నమంతా పట్టింది.

నేను గుంటూరులో చాలా ఏళ్లు ఎన్‌ఎస్‌ఎస్ పీవోగా (ప్రోగ్రాం ఆఫీసరుగా) చేశాను. ఇప్పుడు విజయవాడలో పిల్లలు, మహిళల కోసం పనిచేసే ఒక సంస్థలో, కాలేజీల నుంచి వచ్చే విద్యార్థుల వ్యవహారం చూస్తున్నాను. రెండు వైపులా కూర్చున్నాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. సంస్థకు విద్యార్థులు ఉచితంగా రారు. వచ్చిన ప్రతి విద్యార్థికీ అక్కడి కార్యకర్త ఎవరో ఒకరు తన పని పక్కన పెట్టి సమయం ఇవ్వాలి. ఈ స్థలం ఏమిటి, ఎవరితో ఎలా మాట్లాడాలి, ఏ ప్రశ్న అడగకూడదు, ఏ గదిలోకి వెళ్లకూడదు, ఇవన్నీ చెప్పాలి. తప్పు చేస్తే సరిదిద్దాలి. ఆ ఖర్చులో కాలేజీ తన వాటా మోస్తే అనుబంధం నిలుస్తుంది. మోయకపోతే సంస్థ ఒక ఏడాది ఓర్చుకుంటుంది, రెండో ఏడాది మీకు చెప్పినట్టే "వద్దండీ" అంటుంది.

ఇంకో సంగతి. కొత్తగా వచ్చిన పిల్ల మొదటి రెండు మూడు వారాలు సంస్థకు పని పెంచుతుందే తప్ప తగ్గించదు. ఆ తర్వాతే ఆమె వల్ల ఉపయోగం మొదలవుతుంది. నాలుగు రోజులు వచ్చి మానేసే వంద మందిని పంపితే సంస్థ ఇచ్చిందంతా ఇచ్చి, తిరిగి పొందేది ఏమీ ఉండదు. ఏడాది పొడుగునా వారానికి ఒక పూట వచ్చే ఎనిమిది మంది ఉంటే వాళ్ల మీద ఆధారపడి ఒక పనే మొదలుపెట్టవచ్చు. అందుకే పది ఎంవోయూల మాట పక్కన పెట్టమంటున్నాను. మీ ఒక్కరి చేతి మీద రెండు నడిస్తే గొప్ప. మీ ప్రిన్సిపాల్ గారికి చెప్పడానికి ఒక ఆధారం కూడా ఉంది: న్యాక్ పత్రాల్లో అడిగేది అమల్లో ఉన్న ఒప్పందాల గురించి, వాటి కింద ఏడాదివారీగా జరిగిన పనుల గురించి. సంతకం తర్వాత ఒక్క పనీ జరగని ఎనిమిది కాగితాలు మీ ఫైలుకు బరువే.

ఇక గంటల లెక్క. మన రాష్ట్రంలో 2020–21లో వచ్చిన డిగ్రీ పాఠ్య ప్రణాళికతో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి అయింది. 180 గంటలు, 4 క్రెడిట్లు, మొదటి సంవత్సరం పూర్తయ్యాక వచ్చే సెలవుల్లో. ఎన్‌ఎస్‌ఎస్ లెక్క వేరు. అది 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. వలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు చేయాలి, దాంతో పాటు దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఈ రెండూ మీ చేతికే వచ్చాయి కాబట్టి మీకు పెద్ద వీలు చిక్కింది. చాలా కాలేజీల్లో ఇవి ఇద్దరి దగ్గర, రెండు ఫైళ్లుగా, ఒకదానికొకటి తెలియకుండా నడుస్తాయి. వేసవిలో ప్రాజెక్టుకు వెళ్లిన చోటికే జూలై నుంచి ఎన్‌ఎస్‌ఎస్ గంటల కింద పిల్లలు వెళుతూ ఉంటే, సంస్థకు ముఖాలు మారవు. మొదట ఈ కలపడం చేయండి. మిగతా వాటికంటే దీని ఫలితం ఎక్కువ.

వేసవి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రికార్డుల్లో అబద్ధాలు పుట్టేది ఇక్కడే. 180 గంటలంటే రోజుకు ఆరు గంటల చొప్పున ముప్పై రోజులు. ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసేస్తారు, జూన్ 12 దాకా తీయరు. అయినా ప్రతి రెండో రికార్డులో "ప్రభుత్వ పాఠశాలలో విద్యార్థులకు బోధించాము" అని ఉంటుంది. గుంటూరు మే నెల ఎండలో మధ్యాహ్నం పూట ఇంటింటికీ తిరిగినట్టు రాస్తారు. ఆ ఎండకు తలుపు తీసే ఇల్లు ఉండదు, పిల్లలు వడదెబ్బ తగిలి పడిపోతే బాధ్యత మీది. కాబట్టి వేసవిలో నిజంగా జరిగే పనులే ఎంచుకోండి. పదో తరగతి ఫలితాలు రాగానే లెక్కల్లో, ఇంగ్లీషులో తప్పినవాళ్లు ప్రతి పేటలోనూ ఉంటారు. సప్లిమెంటరీ పరీక్షలకు వాళ్లకున్నది కొన్ని వారాలే. ట్యూషన్ పెట్టించే స్తోమత ఇళ్లలో ఉండదు. ఒక డిగ్రీ విద్యార్థి ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా లెక్కలు చేయిస్తే, ఆ ఇద్దరిలో ఒక్కరు గట్టెక్కినా కుర్రవాడైతే చదువు ఆగదు. ఆడపిల్లయితే పెళ్లి ఆగుతుంది. ఈ మాట ఊరికే అనడం లేదు. పది తప్పిన ఆడపిల్లకు ఆ వేసవిలోనే సంబంధం చూసే ఇళ్లు మన పేటల్లో ఇంకా ఉన్నాయి. గ్రంథాలయాల్లో జరిగే వేసవి శిబిరాలకూ కథలు చదివి వినిపించే మనుషులు కావాలి. శాఖా గ్రంథాలయాల్లో సిబ్బంది తక్కువ, అడిగితే సంతోషంగా రానిస్తారు.

పని ఎంచుకోవడంలో కాలేజీలు చేసేది తిరగేసి చేయాలి. మనం ముందే "అవగాహన సదస్సు, మొక్కలు నాటడం, స్వచ్ఛ భారత్" అని రాసుకుని సంస్థ దగ్గరికి వెళతాం. కాగితం లేకుండా వెళ్లి ఒకటే అడగండి: "ప్రతి నెలా మీరు చేయాలనుకుని చేయలేకపోతున్న పని ఏమిటి?" జవాబులు మీరు ఊహించనంత చిన్నవిగా ఉంటాయి. పాత కేసు ఫైళ్లు వరుసలో పెట్టే మనిషి లేడు. వికలాంగులకు వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కోసం స్లాట్ తీసుకుని, ఆ రోజు ఆసుపత్రికి వెంట వెళ్లే తోడు లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడి హాస్టల్ సీటు ఆగిన పిల్ల కోసం వార్డు సచివాలయం చుట్టూ తిరిగేవాళ్లు లేరు. చూపు లేని విద్యార్థులకు డిగ్రీ పాఠాలు తెలుగులో చదివి రికార్డు చేసి ఇచ్చేవాళ్లు లేరు. పల్నాటి నుంచి, ప్రకాశం నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చి ఓపీ చీటీ దగ్గర్నుంచి స్కానింగ్ దాకా దారి తెలియక నిలబడిపోయే ముసలివాళ్లకు దారి చూపేవాళ్లు కావాలి. వీటిలో ఒక్కటీ ఫ్లెక్సీ కట్టి ఫొటో తీసుకునే పని కాదు. పిల్లలకు మాత్రం పుస్తకంలో దొరకనిది దొరుకుతుంది: ఒక కాగితంలో ఒక అంకె తప్పు పడితే ఒక కుటుంబం ఎన్నాళ్లు తిరగాలో కళ్లారా చూస్తారు.

మీరు కామర్స్ వాళ్లు కాబట్టి మీకు సరిగ్గా అతికే పని ఒకటి చెబుతాను. పట్టణ డ్వాక్రా సంఘాలు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద సమాఖ్యలుగా ఉన్నాయి. సంఘంలో పది మంది సభ్యులుంటే లీడర్లిద్దరికీ, సంఘాల పని చూసే ఆర్పీకీ (రిసోర్స్ పర్సన్‌కీ) తప్ప మిగతావాళ్లకు తమ అప్పు మీద వడ్డీ ఎంత పడుతోందో, పొదుపు ఎంత జమ అయిందో స్పష్టంగా తెలియదు. బ్యాంకు పాస్‌బుక్ చదవడం, కిస్తీలో అసలెంతో వడ్డీ ఎంతో విడదీయడం, మినిట్స్ పుస్తకంలో తాము వేసిన వేలిముద్ర దేనికో అడగడం, ఇవి బీకాం రెండో ఏడాది పిల్లలు నేర్పగలరు. నేర్పుతూ తామూ నేర్చుకుంటారు. క్లాసులో చెప్పిన తగ్గుతున్న నిల్వ మీద వడ్డీ లెక్క అక్కడ అరటిపండ్ల బండి పెట్టుకున్న ఆమె అప్పులో కనిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సంఘం లెక్కల్లో తేడా కనిపిస్తే పిల్లలు అక్కడికక్కడ మాట తూలకూడదు. ముందు మీకు చెప్పాలి, మీరు సమాఖ్య అధ్యక్షురాలితో విడిగా మాట్లాడాలి. ఒక పేటలో అప్పుల సంగతి బయటపడితే రేగే గొడవ పిల్లలు కాలేజీకి తిరిగొచ్చాక కూడా అక్కడి ఆడవాళ్ల మధ్య మిగిలిపోతుంది.

కెమిస్ట్రీ వాళ్లకు నీళ్ల పరీక్ష. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, మనుషులు చనిపోయారు. కుళాయి చివర నీటిలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. దాన్ని చూడడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, చుక్కల మందు, రంగుల పట్టీ ఉన్న చిన్న పెట్టె చాలు. మైక్రోబయాలజీ విభాగం ఉంటే ఇంకా లోతుగా వెళ్లవచ్చు. నాలుగు వీధుల్లో ప్రతి శనివారం ఒకే కుళాయిల దగ్గర చూసి, వచ్చిన అంకె తారీఖుతో రాసి, ఆ వీధి సమాఖ్య లీడరుకూ నీళ్లు, రోడ్ల వంటి వసతులు చూసే వార్డు ఎమెనిటీస్ సెక్రటరీకీ అదే రోజు ఇవ్వాలి. ఏడాది చివర రిపోర్టులో అచ్చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. నీళ్లలో క్లోరిన్ లేదన్న మాట ఆ వారమే తెలియాలి.

సంస్థ అనగానే ట్రస్టులు, ఎన్జీవోలే గుర్తొస్తాయి. నా లెక్కలో మహిళా సమాఖ్య, పేట యువజన సంఘం, చర్చి కమిటీ, మసీదు కమిటీ, మిర్చి యార్డు ముఠా కూలీల సంఘం కూడా సంస్థలే. వీటికి మేనేజర్లు, రిపోర్టులు ఉండవు కానీ ఆ మనుషుల్లో వాటికున్న మాట చెల్లుబాటు పెద్ద సంస్థలకు ఉండదు. పాతుకుపోయిన సంస్థలూ మన చుట్టూ ఉన్నాయి. గోరా గారు స్థాపించిన నాస్తిక కేంద్రం 1947 నుంచి విజయవాడలో ఉంది. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలి ఉంది. రైల్వే స్టేషన్లలో తప్పిపోయిన, ఇల్లు వదిలొచ్చిన పిల్లల కోసం నవజీవన్ బాల భవన్ ఉంది. ఇలాంటి చోట్ల కార్యకర్తలు అనుభవజ్ఞులు, మీ పిల్లలకు ఏం చేయాలో చెప్పగలరు. ఒకటి అలాంటిది, ఒకటి పేట సమాఖ్య, ఇలా జతగా ఎంచుకుంటే మంచిదని నా సలహా. తెలియని సంస్థ అయితే సొసైటీ రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలు చూడండి. పిల్లల్ని ఉంచుకునే హోమ్ అయితే జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టరు అయిందో లేదో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. రిజిస్ట్రేషన్ లేని పిల్లల హోమ్‌కు మీ విద్యార్థుల్ని పంపకండి, అక్కడి మనుషులు ఎంత మంచివాళ్లుగా కనిపించినా సరే.

పిల్లల సంస్థల విషయంలో కాలేజీలు చూపే నిర్లక్ష్యం నన్ను నిజంగా బాధపెడుతుంది. పుట్టినరోజు కేకు పట్టుకుని వస్తారు, హోమ్‌లో పిల్లల్ని వరుసలో నిలబెట్టి, భుజాల మీద చేతులేసి, ఫొటోలు తీసి సాయంత్రానికి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం సంగతి అటుంచి ఆ పిల్ల వైపు నుంచి చూడండి. ఇంట్లో కొట్టే మనిషి నుంచి పారిపోయి వచ్చిన పిల్ల ఎక్కడుందో ఆ ఫొటో చెప్పేస్తుంది. రేపు బడిలో "నువ్వు హోమ్ పిల్లవా" అని తోటివాళ్లు అడుగుతారు. అందుకని మీరు పంపేముందే పిల్లలకు కూర్చోబెట్టి చెప్పాలి: ఫోన్లు బ్యాగులో ఉంటాయి. ఏ పిల్లతోనూ ఒక్కరే మూసిన గదిలో ఉండరు. ఫోన్ నంబర్లు ఇవ్వరు, తీసుకోరు. ఒక్కరికే బహుమతులు తేరు. "మీ అమ్మానాన్న ఎక్కడుంటారు, ఇక్కడికెందుకొచ్చావు" అని అడగరు. ఏ పిల్లయినా తనకు జరిగిన చెడు చెప్పుకుంటే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వరు, ఎందుకంటే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. వెంటనే సంస్థ బాధ్యుడికీ మీకూ చెబుతారు, బాధ్యుడి మీదే అనుమానమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి. ఈ మాటలన్నీ ఒక పేజీ రాసి విద్యార్థి చేత, వీలైతే తల్లిదండ్రుల చేత కూడా సంతకం చేయించండి. ఇది చెప్పడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట సంస్థ మీద పడకుండా కాలేజీలోనే అయిపోవాలి. ఖర్చులో వాటా మోయడమంటే నా ఉద్దేశం ఇలాంటివే.

వీడుకోలు గురించి కూడా చెప్పండి. హోమ్ పిల్లలు మనుషులు వదిలి వెళ్లడం చాలాసార్లు చూసినవాళ్లు. "మళ్లీ వారం వస్తానమ్మా" అని చెప్పి రాని అన్న వాళ్లకు కొత్త కాదు, కానీ ప్రతిసారీ తగులుతుంది. ఎన్నాళ్లు వస్తారో మొదటి రోజే చెప్పాలి, ఆ చివరి రోజు తప్పకుండా రావాలి.

సర్వేల సంగతి. ప్రాజెక్టులో భాగంగా సామాజిక ఆర్థిక సర్వే ఉంటుంది. కాలేజీకి దగ్గరున్న పేటల్లో ప్రతి ఏడాదీ ఎన్ని కాలేజీల వాళ్లు అవే ప్రశ్నలు అడుగుతారో ఆ ఇళ్లవాళ్లనే అడగండి. తలుపు తీయగానే వాళ్లడిగేది "ఏ పథకానికమ్మా?" అని. ఆశ పెట్టుకునే అడుగుతారు. కాలేజీ నుంచి వచ్చాం, దీనివల్ల డబ్బు గానీ ఇల్లు గానీ రాదు, చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు అని మొదటి వాక్యంలోనే చెప్పించండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, కులం, ఎవరికి ఏ జబ్బో పేర్లతో సహా, ఇవేవీ మీ రికార్డుకు అవసరం లేదు. సర్వే చేసిన పేటలో నెలలోపు ఒక సాయంత్రం కూర్చుని, తేలిందేమిటో వాళ్లకే చదివి వినిపించండి. "మా వీధిలో ఇంతమందికి బీపీ ఉందా" అని ఆశ్చర్యపోయే ఆడవాళ్లు ఆశా వర్కరును పిలిచి మాట్లాడతారు. అలా వినిపించే ఉద్దేశం లేకపోతే సర్వే మానేసి వేరే పని చేయడం మేలు.

వీధులు తెలిసి ఉండడం ఎంత విలువైనదో 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు చూశాం. సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. సాయం చేయాలని వచ్చిన వాళ్లకు కొదవ లేదు, గుంటూరు నుంచి కూడా పిల్లలు బండ్ల మీద పొట్లాలు కట్టుకుని వచ్చారు. నీళ్లు మొదలైన చోట, మెయిన్ రోడ్డు మీద పొట్లాలు పేరుకున్నాయి, లోపలి సందుల్లో మేడ మీద చిక్కుకున్న వాళ్లకు అందలేదు. ఏ సందులో నెలలు నిండిన ఆడమనిషి ఉంది, ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడు, ఈ సమాచారం ఆశా వర్కర్ల దగ్గర, సంఘం లీడర్ల దగ్గర ఉంది. అప్పటికే వాళ్లతో పనిచేస్తున్న విద్యార్థులకే ఆ ఫోన్ నంబర్లు తెలుసు. నీళ్లు తగ్గాక ఇంకా పెద్ద పని మిగిలింది. కింది అంతస్తు మునిగిన ఇళ్లకు 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. లెక్కల్లో పేరు రానివాళ్లకు అర్జీలు రాయడం, బురదలో నానిన సర్టిఫికెట్లకు నకళ్లు తీయించడం వారాల తరబడి సాగింది. ఆ వారాల్లో పొట్లాల వాళ్లు లేరు. కలెక్టరేట్ దారి తెలిసిన పిల్లలు నలుగురున్న సంస్థకు అప్పుడు చేతులొచ్చినట్టయింది.

సంస్థల క్యాలెండరుకూ మన సెమిస్టర్లకూ పొత్తు కుదరదు, దీన్ని ముందే మాట్లాడుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా గుంటూరు చుట్టుపక్కల ఊళ్లకు మిరపకాయ కోతకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు వస్తాయి. వాళ్ల వెంట పిల్లలు వస్తారు, ఆ మూడు నెలలూ బడి పోతుంది. ఆ పిల్లలకు సాయంత్రం పాఠం చెప్పే మనిషి కావాల్సింది సరిగ్గా మీకు ఇంటర్నల్స్, క్రీడా దినోత్సవాలు ఉన్నప్పుడే. ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం కూడా తరచుగా ఆ నెలల్లోనే పెడతాం. పగలు ఊళ్లో ఎవరూ ఉండరు, అందరూ చేలో ఉంటారు. మనం ఖాళీ వీధుల్లో ర్యాలీ తీసి వస్తాం. శిబిరం అదే ఊళ్లో, అదే వారంలో పెట్టి, పగలు మిరప కళ్లాల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తే శిబిరానికి ఒక అర్థం ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక ఊరు ఇంటికొస్తుంది, మీటింగ్ అప్పుడు పెట్టండి.

ఇప్పుడు మీ విద్యార్థుల వైపు. మన డిగ్రీ కాలేజీ పిల్లల్ని బయటి నుంచి వెళ్లి పేదలకు సేవ చేసేవాళ్లుగా ఊహించుకోకండి. ప్రభుత్వ కాలేజీల్లో, ఎయిడెడ్ కాలేజీల్లో చదివేవాళ్లలో చాలామంది ఆ పేటల్లో పుట్టినవాళ్లే. వాళ్లమ్మే సంఘంలో సభ్యురాలు, వాళ్ల నాయనమ్మే ప్రతి నెలా పెన్షన్ కోసం ఎదురుచూసే మనిషి. వాళ్లు సాయంత్రం బట్టల షాపులో నిలబడతారు, పెళ్లిళ్ల సీజన్లో కేటరింగ్‌కి వెళతారు, కొందరు రాత్రిళ్లు ఫుడ్ డెలివరీ చేస్తారు. వేసవి వాళ్లకు తర్వాతి ఏడాది ఫీజు సంపాదించుకునే కాలం. ఆ కాలంలో 180 గంటలు కూలి లేకుండా పనిచేయమంటున్నామన్న స్పృహ మనకుండాలి. జిరాక్స్ షాపులో తయారుగా దొరికే రికార్డు కొనుక్కున్న కుర్రవాణ్ణి తిట్టేముందు అతను ఆ నెలంతా ఎక్కడున్నాడో అడగండి. పరిష్కారాలున్నాయి. అతని సొంత వార్డులోనే పని చూపించండి, ఉదయం పూట రెండు గంటలు పెట్టండి, బస్సు చార్జీలు కాలేజీ ఇవ్వాలి. ఆడపిల్లలకు ఆరు దాటితే ఇంట్లో ఊరుకోరు, వాళ్ల పని వేళ దాన్ని బట్టి ఉండాలి, ఇద్దరిద్దరుగా పంపాలి. సొంత పేటలో పనిచేసే పిల్లకు ఇంకో అవసరం ఉంటుంది: "నువ్వు పలానా ఆయన కూతురివి కదా, నువ్వేం చెబుతావులే" అనేవాళ్లు ఉంటారు. మొదటి రోజు మీరు పక్కన నిలబడి "ఈ అమ్మాయి మా కాలేజీ తరఫున వచ్చింది" అని పరిచయం చేస్తే ఆ మాట ఆగిపోతుంది.

తప్పనిసరి చేస్తే అది సేవ ఎలా అవుతుందని కొందరు వాదిస్తారు. నాకు ఆ బెంగ లేదు. తప్పనిసరి అయినందుకే గడప దాటి, తర్వాత మూడేళ్లు తమంతట తామే వచ్చిన పిల్లలున్నారు. మార్కులు వేసే తీరు మాత్రం మార్చండి. అట్ట అందంగా ఉన్న రికార్డుకు కాకుండా, ఎవరి కింద పనిచేశారో ఆ కార్యకర్త మాటకు బరువివ్వండి. వైవాలో "మీరు వెళ్లకపోయి ఉంటే అక్కడ ఏ పని ఆగిపోయేది?" అని అడగండి. నిజంగా వెళ్లిన పిల్లలకు ఈ ప్రశ్న చాలా ఇష్టం.

ఒప్పంద పత్రం పేజీన్నర చాలు. ఒకేసారి ఎంతమంది విద్యార్థులు, ఏ రోజుల్లో, ఏ పని, ఇరువైపులా బాధ్యుల పేర్లు, ప్రయాణ ఖర్చు ఎవరిది, ప్రమాదం జరిగితే ఎవరు చూసుకోవాలి, ఫొటోల నియమం, పని నచ్చకపోతే సంస్థ ఏ విద్యార్థినైనా కారణం చెప్పి వెనక్కి పంపే హక్కు. గడువు మూడేళ్లు పెట్టండి. ఏడాదికి రెండుసార్లు సంస్థ వాళ్లను కాలేజీకి పిలిచి, విద్యార్థుల ముందే "మా పిల్లల వల్ల మీకు పెరిగిన పని ఏది, తగ్గిన పని ఏది" అని అడిగి రాసుకోండి. వాళ్లు వచ్చినందుకు దారి ఖర్చులు, గెస్ట్ లెక్చరరుకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వండి. వాళ్లు మీ విద్యార్థులకు గురువులు.

చివరిగా, మన కాలేజీల్లో ఇలాంటి పని సాధారణంగా ఆగిపోయేది ఒక బదిలీతో. అందుకని మొదటి నుంచే ఇద్దరు అధ్యాపకుల పేర్లు రాయించండి, రెండో వారు వేరే విభాగం నుంచి ఉంటే మంచిది. జూలైలో సీనియర్లు జూనియర్లను వెంటబెట్టుకుని వెళ్లి, ఏ కుళాయి దగ్గర చూస్తున్నారో, ఏ సంఘం పుస్తకాలు చదువుతున్నారో, ఏ పిల్లవాడికి ఏ లెక్క దగ్గర ఆగిందో అప్పజెప్పాలి. కనీసం రెండు వారాలు ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఆ రెండు వారాలు టైంటేబుల్లో ఇప్పుడే రాయించుకోండి, జూన్ దాటితే గదులూ పీరియడ్లూ కేటాయించేస్తారు.